యుద్ధంలో లేనంటూనే ఆయుధాలిచ్చే దేశం: తటస్థతకు హద్దు ఎక్కడ?

2022 ఫిబ్రవరిలో రష్యా ఉక్రెయిన్ మీదకు దండెత్తినప్పుడు ఆ సెగ గోదావరి డెల్టాకు కూడా తగిలింది. వైద్య విద్య కోసం అక్కడికి వెళ్లిన పిల్లలు తిరిగి వచ్చేదాకా కన్నవాళ్లకు కంటి మీద కునుకు లేదు. పొద్దుతిరుగుడు నూనె ధర చుక్కలు చూపించింది. అప్పటి నుంచీ కాకినాడలోనైనా, అమలాపురంలోనైనా, భీమవరంలోనైనా యుద్ధం ప్రస్తావన వస్తే ఒక ప్రశ్న నలుగుతూనే ఉంది. అమెరికా, జర్మనీ, పోలండ్ వంటి దేశాలు ఉక్రెయిన్‌కు ఫిరంగులు, క్షిపణులు, ట్యాంకులు ఇచ్చాయి. తమ సైన్యాన్ని మాత్రం బరిలోకి దించలేదు. ఇంతకీ అవి యుద్ధంలో ఉన్నట్టా, లేనట్టా?

ఈ చిక్కు కొత్తదేమీ కాదు. రెండో ప్రపంచ యుద్ధం మొదలైన 1939 సెప్టెంబరు నుంచి 1941 డిసెంబరు దాకా, అంటే 27 నెలల పాటు, అమెరికా సరిగ్గా ఇదే స్థితిలో ఉంది. పేరుకు తటస్థ దేశం, పనికి బ్రిటన్ పక్షం. ఆ 27 నెలల కథ తెలిస్తే ఇప్పటి వార్తలు చాలావరకు అర్థమవుతాయి. మనలో చాలామంది ఏ ఆయుధం ఇచ్చారన్న దగ్గరే ఆగిపోతాం. నా లెక్కలో అంతకంటే ముఖ్యమైనవి మూడున్నాయి: ఇచ్చింది ఎవరు, సొమ్ము ఎవరిది, మోసుకెళ్లింది ఎవరు.

కాకినాడ బియ్యం ఓడతో మొదలుపెడదాం

కాకినాడ పాత రేవులో పెద్ద ఓడలు గట్టు దాకా రాలేవు. బియ్యం బస్తాలను కాలువ దగ్గర బార్జీల్లోకి ఎక్కిస్తారు. హోప్ ఐలాండ్ చాటున లంగరు వేసి ఉన్న ఓడ పక్కకు బార్జీ చేరుతుంది, అక్కడ క్రేన్లు బస్తాల కట్టలను పైకి లాగుతాయి. ఇప్పుడు ‘క’, ‘చ’ అనే రెండు దేశాలు యుద్ధంలో ఉన్నాయని, మన దేశం తటస్థంగా ఉందని అనుకుందాం.

మొదటి సందర్భం. ఒక ప్రైవేటు వ్యాపారి ‘క’ దేశానికి బియ్యం అమ్మాడు. తటస్థతకు భంగమేమీ లేదు. ఆ బియ్యం శత్రు సైన్యానికి వెళ్తోందని తేలితే ‘చ’ నౌకాదళం ఓడను సముద్రంలో ఆపి సరుకు జప్తు చేసుకోవచ్చు. ఆ నష్టం వ్యాపారిది, వివాదం దేశాల మధ్యకు రాదు.

రెండో సందర్భం. అదే ఓడలో ఒక ప్రైవేటు కంపెనీ తుపాకులు పంపింది. ఇక్కడ చాలామంది ఆశ్చర్యపోతారు. యుద్ధ నియమాల మీద దేశాలు కుదుర్చుకున్న 1907 హేగ్ ఒప్పందాల ప్రకారం ప్రైవేటు వ్యక్తుల ఆయుధ ఎగుమతిని ఆపి తీరాల్సిన బాధ్యత తటస్థ ప్రభుత్వానికి లేదు. ఆపదలచుకుంటే మాత్రం ఇద్దరికీ సమానంగా ఆపాలి.

మూడో సందర్భం. ప్రభుత్వమే తన ఆయుధాగారం నుంచి తుపాకులు తీసి ఇచ్చింది. ఇది కూడదు. యుద్ధంలో ఉన్న దేశానికి తటస్థ ప్రభుత్వం యుద్ధనౌకలు గాని, మందుగుండు గాని, యుద్ధ సామగ్రి గాని నేరుగా అయినా, చాటుగా అయినా ఇవ్వరాదని హేగ్ పదమూడో ఒప్పందం ఆరో అధికరణం చెబుతుంది.

నాలుగోది. మన నౌకాదళమే ఆ ఓడకు కాపలాగా బయలుదేరింది. ఇక మీదట ఎవరు ముందు కాల్చారన్నదే మిగిలిన ప్రశ్న.

ప్రైవేటు పేరు చెప్పుకున్నంత మాత్రాన ప్రతిసారీ తప్పించుకోలేమని అంతకుముందే ఒకసారి తేలింది. అమెరికా అంతర్యుద్ధ కాలంలో లివర్‌పూల్ దగ్గరి ఒక ప్రైవేటు నౌకా కర్మాగారం ‘అలబామా’ అనే ఓడను కట్టింది. అది దక్షిణాది రాష్ట్రాల చేతికి వెళ్లి ఉత్తరాది వాణిజ్య నౌకలను వేటాడింది. బ్రిటన్ తటస్థ దేశమై ఉండి చూస్తూ ఊరుకుందన్నది అమెరికా ఫిర్యాదు. 1872లో జెనీవా మధ్యవర్తులు అలబామాతో పాటు అలాంటి మరికొన్ని ఓడల లెక్క కూడా చూసి, బ్రిటన్ చేత 1.55 కోట్ల డాలర్ల పరిహారం కట్టించారు.

తన చేతులు తానే కట్టేసుకున్న అమెరికా

మొదటి ప్రపంచ యుద్ధంలోకి తమను దింపింది ఆయుధ వ్యాపారులు, బ్యాంకర్లేనన్న అనుమానం 1930లలో అమెరికన్ల మనసుల్లో బలంగా నాటుకుంది. సెనేటర్ నై నడిపిన విచారణ సంఘం ఆ అనుమానానికి ఆజ్యం పోసింది. దాని ఫలితమే తటస్థతా చట్టాలు. 1935 చట్టం యుద్ధంలో ఉన్న ఏ దేశానికీ ఆయుధాలు అమ్మరాదన్నది. 1936లో అప్పులూ బందయ్యాయి. పాత యుద్ధ రుణాలు ఎగ్గొట్టిన దేశాలకు కొత్త అప్పు పుట్టకుండా 1934లోనే జాన్సన్ చట్టం వచ్చింది. బ్రిటన్ కూడా ఆ ఎగవేతదారుల్లో ఒకటి. ఈ సంగతి తరువాత చాలా అవసరమవుతుంది.

ఈ చట్టాల్లో ఒక లోపం ఉంది. అవి దండెత్తినవాడిని, దాడికి గురైనవాడిని ఒకే గాటన కట్టేశాయి. ఆయుధాలు ముందే సమకూర్చుకున్నవాడికి నిషేధం వల్ల పోయేదేమీ లేదు. దెబ్బంతా ఖాళీ చేతులతో ఉన్నవాడి మీదే పడుతుంది.

నగదు కట్టు, సరుకు పట్టుకెళ్లు

1939 సెప్టెంబరులో యుద్ధం మొదలయ్యాక నవంబరు 4న చట్టం మారింది. ఎవరైనా ఆయుధాలు కొనుక్కోవచ్చు, కానీ రొక్కం ముందే చెల్లించాలి, సరుకును సొంత ఓడల్లో పట్టుకెళ్లాలి. కాగితం మీద ఇది జర్మనీకీ వర్తిస్తుంది. కానీ అట్లాంటిక్ మీద పెత్తనం బ్రిటిష్ నౌకాదళానిది కాబట్టి కొనుక్కుని పోగలిగింది బ్రిటన్, ఫ్రాన్సులే. చట్టం ఇద్దరినీ సమానంగానే చూసింది, సముద్రం చూడలేదు.

ఈ నియమాన్ని అక్షరాలా పాటించడానికి పడిన పాట్లు చూస్తే నవ్వొస్తుంది. బ్రిటన్ కొన్న యుద్ధ విమానాలను అమెరికన్ పైలట్లు కెనడాలోకి నడపకూడదు. అందుకని ఉత్తర డకోటాలోని పెంబీనా దగ్గర సరిహద్దు పక్కనే విమానాన్ని దించేవారు. అక్కడి నుంచి గుర్రాలను కట్టి దాన్ని గీత దాటించి లాగేవారు. అవతలి గడ్డ మీద కెనడా పైలట్ ఎక్కి ఎగరేసుకుపోయేవాడు. గంటకు కొన్ని వందల మైళ్లు పోగల యంత్రం గుర్రాల వెనక బురదలో దొర్లుతూ పోతే చట్టం ఉల్లంఘన కాలేదన్నమాట.

1940 జూన్‌లో ఫ్రాన్సు కూలిపోయింది. ఫ్రాన్సు తీరంలోని డన్‌కర్క్ నుంచి బయటపడిన బ్రిటిష్ సైనికులు భారీ ఆయుధాలన్నీ తీరంలోనే వదిలి వచ్చారు. వాళ్ల చేతికి తుపాకులు కావాలి. ప్రభుత్వం నేరుగా ఇవ్వడం కుదరదు. అమెరికా సైన్యం తన గిడ్డంగుల్లోని పాత రైఫిళ్లు, ఫిరంగులు ‘మిగులు సరుకు’ అని ప్రకటించి ఒక ఉక్కు సంస్థకు అమ్మింది. 3.7 కోట్ల డాలర్లకు పైగా విలువైన ఆ సరుకును ఆ సంస్థ వెంటనే, కొన్న ధరకే, బ్రిటన్‌కు అమ్మేసింది. మన మూడో సందర్భం మీద రెండో సందర్భం ముసుగు వేయడమే ఇది. ఐదు లక్షల రైఫిళ్లు అలా సముద్రం దాటాయి.

సెప్టెంబరు 2న ఆ ముసుగు కూడా చాలావరకు తొలగింది. మొదటి యుద్ధ కాలం నాటి 50 డిస్ట్రాయర్ యుద్ధనౌకలను అమెరికా ప్రభుత్వమే బ్రిటన్‌కు ఇచ్చి, బదులుగా కరీబియన్ ప్రాంతంలో స్థావరాలను 99 ఏళ్ల కౌలుకు తీసుకుంది. బెర్ముడా, న్యూఫౌండ్‌లాండ్ స్థావరాలను బ్రిటన్ ఉచితంగానే ఇచ్చింది. పార్లమెంటును, అంటే కాంగ్రెస్‌ను, అడగలేదు. ఇది చెల్లుతుందని అటార్నీ జనరల్ రాబర్ట్ జాక్సన్ అభిప్రాయం రాసి ఇచ్చారు. ఆ అభిప్రాయం అమెరికా చట్టాలతో సరిపెట్టింది, హేగ్ ఆరో అధికరణానికి సూటిగా జవాబు చెప్పలేదు. అది తటస్థ దేశం చేసే పని కాదని చర్చిల్ కూడా తరువాత ఒప్పుకున్నారు.

జేబు ఖాళీ అయినప్పుడు: లెండ్ లీజ్ లెక్క

1940 చివరికి బ్రిటన్ దగ్గర డాలర్లు అడుగంటాయి. జాన్సన్ చట్టం వల్ల అప్పు పుట్టదు, రొక్కం లేనిదే సరుకు రాదు. డిసెంబరు 17న అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ విలేకరుల ముందు ఒక ఉపమానం చెప్పారు. పొరుగింటికి నిప్పంటుకుంటే నీళ్ల గొట్టం ఇచ్చే ముందు దాని ధర కట్టమని అడుగుతామా, మంటలు ఆరాక గొట్టం తిరిగి ఇస్తే చాలదా అని. వేసవిలో ఒక పాకకు అంటుకుంటే గాలివాటున పేట మొత్తం తగలబడటం చూసినవాళ్లున్న డెల్టాకు ఇందులోని అసలు వాదన విడమరిచి చెప్పనక్కర్లేదు. గొట్టం ఇవ్వడం దయ కాదు, మన ఇంటిని కాపాడుకోవడం.

1941 మార్చి 11న లెండ్ లీజ్, అంటే అరువుకో కౌలుకో ఇచ్చే, చట్టం వచ్చింది. లెక్క ఎలా మారిందో ఊహాజనితమైన అంకెలతో చూద్దాం. బ్రిటన్‌కు 500 లారీలు కావాలి, ఒక్కోటి 1,000 డాలర్లు. 1939 పద్ధతిలో బ్రిటన్ ముందే 5 లక్షల డాలర్లు కంపెనీకి కట్టాలి, రేవులోనే లారీలు బ్రిటన్ సొత్తు అయిపోతాయి. 1941 పద్ధతిలో ఆ 5 లక్షలూ అమెరికా ఖజానా కంపెనీకి కడుతుంది. లారీలు అమెరికావి, వాడుకునేది బ్రిటన్. యుద్ధంలో 300 ధ్వంసమైతే వాటికి బిల్లు లేదు. మిగిలిన 200 తిరిగి ఇవ్వాలి, లేదా తరువాత బేరమాడుకోవాలి. దీంతో ‘సొమ్ము ఎవరిది’ అన్న ప్రశ్నకు జవాబు తలకిందులైంది.

యుద్ధం ముగిసేసరికి ఈ పద్దు కింద దాదాపు 5,000 కోట్ల డాలర్ల సహాయం వెళ్లింది. అందులో పెద్ద వాటా బ్రిటన్‌ది, తరువాతిది సోవియట్ యూనియన్‌ది. వలస పాలనలోని మన దేశానికీ కొంత వచ్చింది. అందులో విచిత్రమైనది వెండి. యుద్ధకాలంలో నాణేల కొరత తీర్చడానికి అమెరికా 20 కోట్ల ఔన్సులకు పైగా వెండిని అప్పుగా పంపింది. వెండిని వెండిగానే తిరిగి ఇవ్వాలన్నది షరతు. ఆ బాకీ స్వతంత్ర భారతం మీద పడింది.

చట్టం చర్చకు వచ్చినప్పుడు వ్యతిరేకించినవారిని పిరికివాళ్లనో జర్మనీ తొత్తులనో కొట్టిపారేయడం తేలిక, కానీ న్యాయం కాదు. యుద్ధ సామగ్రిని అరువివ్వడమంటే నమిలే చూయింగ్ గమ్ అరువివ్వడమేనని, తిరిగి తీసుకోవాలని ఎవరికీ ఉండదని సెనేటర్ టాఫ్ట్ అన్నారు. ఆ మాట నిజమే అయింది. అధ్యక్షుడి చేతికి ఇంత అధికారం ఇస్తే యుద్ధం ప్రకటించే హక్కు కాంగ్రెస్‌కు నామమాత్రమే అవుతుందని మరికొందరు భయపడ్డారు. అదీ ఆధారం లేని భయం కాదు. సెనేట్‌లో చట్టం 60–31 తేడాతో నెగ్గింది. నెగ్గే ముందు అందులో ఒక వాక్యం చేర్చారు: అమెరికా యుద్ధనౌకలు సరుకు ఓడలకు కాపలా వెళ్లడానికి ఈ చట్టం అనుమతి ఇచ్చినట్టు భావించరాదు. అసలు ప్రమాదం ఎక్కడుందో ఆ వాక్యం రాసినవారికి బాగా తెలుసు.

మోసుకెళ్లడంలోనే ముప్పు

ఇచ్చిన సరుకు అట్లాంటిక్ అడుగున పడిపోతుంటే ఇచ్చి ఏం లాభం? జర్మన్ జలాంతర్గాములు ఓడలను ముంచుతూనే ఉన్నాయి. అమెరికా కాపలా అనలేదు, ‘గస్తీ’ అంది. ఆ గస్తీ సరిహద్దును అంచెలంచెలుగా తూర్పుకు జరుపుతూ పోయింది. 1941 ఏప్రిల్‌లో గ్రీన్‌లాండ్ రక్షణ బాధ్యత తీసుకుంది. జులైలో ఐస్‌లాండ్‌లో సైనికులను దించింది.

సెప్టెంబరు 4న ‘గ్రీర్’ అనే అమెరికా డిస్ట్రాయర్ మీద జర్మన్ జలాంతర్గామి టార్పెడో వదిలింది. హెచ్చరిక లేకుండా ముందుగా వాళ్లే దాడి చేశారని రూజ్‌వెల్ట్ రేడియోలో ప్రజలకు చెప్పారు. ఆయన చెప్పనిది మరొకటుంది. గ్రీర్ అప్పటికే ఆ జలాంతర్గామిని గంటల తరబడి వెంటాడుతూ, దాని జాడను ఒక బ్రిటిష్ విమానానికి అందిస్తోంది. ఆ విమానం దాని మీద డెప్త్ చార్జీలు, అంటే నీటి లోపల పేలే బాంబులు, కూడా వేసింది. గస్తీ నౌక ఎప్పుడు వేట నౌక అయిందన్న ప్రశ్నకు ఆనాటి ప్రజల ముందు పూర్తి సమాచారం లేదు. అమెరికా జోక్యాన్ని సమర్థించేవారు సైతం ఈ ఘట్టం దగ్గర కొంచెం ఇబ్బంది పడతారు.

అక్టోబరు 17న ‘కెర్నీ’ దెబ్బతిని 11 మంది చనిపోయారు. అక్టోబరు 31న ‘రూబెన్ జేమ్స్’ మునిగి వంద మంది దాకా ప్రాణాలు పోయాయి. నవంబరులో చట్టం మళ్లీ మారింది. అమెరికా వాణిజ్య నౌకలు ఆయుధాలతో యుద్ధ ప్రాంతంలోకే వెళ్లవచ్చు. ‘సరుకు పట్టుకెళ్లు’ అన్న నియమం కూడా అక్కడితో సరి. యుద్ధ ప్రకటన మాత్రం ఇంకా లేదు.

ఇవ్వడం ఒక్కటే కాదు, ఆపడం కూడా

ఇంత జరిగినా అమెరికాను యుద్ధంలోకి లాగింది అట్లాంటిక్ కాదు, పసిఫిక్. అక్కడ చైనాకు అప్పులిస్తూనే జపాన్‌కు ఒక్కొక్క సరుకూ ఆపుతూ వచ్చింది. 1940లో తుక్కు ఇనుము ఆగింది. 1941 జులై 26న జపాన్ ఆస్తులను స్తంభింపజేయడంతో చమురూ ఆగిపోయింది. తన చమురులో దాదాపు 80 శాతం అమెరికా నుంచే తెచ్చుకునే దేశానికి అది గొంతు నొక్కడమే. తన సరుకు ఎవరికి అమ్మాలో నిర్ణయించుకునే హక్కు ప్రతి దేశానికీ ఉందని కొందరంటారు. చైనాలో జపాన్ సాగిస్తున్న ఆక్రమణకు చమురు పోయడమే అసలు తప్పని ఇంకొందరు. దారి మూసేస్తే దాడి తప్పదని ముందే తెలియదా అని వేరొకరు. ఈ మూడు వాదనల్లోనూ పస ఉంది. కానీ పెర్ల్ హార్బర్ మీద దాడికి నిర్ణయం తీసుకున్నది టోక్యో. ఆ బాధ్యతను చమురు ఆంక్ష పంచుకోదు.

డిసెంబరు 7న ఆ దాడి జరిగింది. నాలుగు రోజుల తరువాత జర్మనీయే అమెరికా మీద యుద్ధం ప్రకటించింది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. కాకినాడ వాళ్లను ఏ పక్షమని అడిగినవారు లేరు. 1939 సెప్టెంబరు 3న వైస్రాయ్ లిన్‌లిత్‌గో ఎవరినీ సంప్రదించకుండానే భారతదేశం యుద్ధంలో ఉందని ప్రకటించేశారు.

అదే డెల్టాలో, కాకినాడకు కాస్త దూరంలోనే, యానాం కథ వేరు. అది ఫ్రెంచి భూభాగం. ఫ్రాన్సు లొంగిపోయాక 1940 సెప్టెంబరులో పుదుచ్చేరి గవర్నర్ బొన్వా ఫ్రెంచి ఇండియాను, జర్మనీకి లొంగకుండా పోరు సాగిస్తున్న ఫ్రెంచి నేత ద గాల్ పక్షాన నిలిపారు. 1941 నవంబరు 11న, అమెరికా ఇంకా తటస్థంగా ఉండగానే, ద గాల్ పక్షం చేతిలో ఉన్న ప్రాంతాల రక్షణ తమ రక్షణకు కీలకమని రూజ్‌వెల్ట్ ప్రకటించి వాటిని లెండ్ లీజ్ పరిధిలోకి తెచ్చారు. ఆ లెక్కన యానాం కూడా, కనీసం కాగితం మీద, ఆ సహాయానికి అర్హమైంది.

చట్టం ఏమంటుంది, లాయర్లు ఏమంటారు

హేగ్ సంప్రదాయం ప్రకారం తటస్థత అంటే నిష్పాక్షికత. ఒకరికి ఇచ్చి ఇంకొకరికి ఇవ్వకపోతే ఆ హోదా పోతుంది. రెండో వాదన 1928 కెల్లాగ్–బ్రియాండ్ ఒడంబడిక నుంచి పుట్టింది. యుద్ధాన్ని ఒక విధానంగా వాడబోమని ఒప్పుకుని సంతకం చేసిన దేశమే దండెత్తితే, మిగతావారు దాన్నీ, దెబ్బతిన్నవాడినీ సమానంగా చూడాల్సిన పని లేదని జాక్సన్ 1941లో వాదించారు. ఈ మధ్యస్థ స్థితికి ‘యుద్ధేతర పక్షం’ అని పేరు పెట్టుకున్నారు. విశేషమేమిటంటే 1939లో జర్మనీ వైపు మొగ్గుతూ ఆ పేరును ముందుగా వాడుకున్నది ముస్సోలినీ ఇటలీ. మంచివాడికి పనికొచ్చిన సందు చెడ్డవాడికీ పనికొస్తుందన్నది ఈ వాదన మీద ఉన్న పెద్ద అభ్యంతరం.

1945లో ఐక్యరాజ్యసమితి చార్టర్ 51వ అధికరణం సమష్టి ఆత్మరక్షణను గుర్తించడంతో దాడికి గురైన దేశానికి సాయపడటానికి గట్టి ఆధారం దొరికింది. ఎవరు దాడి చేశారన్నదే ఇప్పుడు అసలు తగవు. 1986లో, అమెరికా మీద నికరాగువా వేసిన కేసులో అంతర్జాతీయ న్యాయస్థానం ఒక ముఖ్యమైన తేడా చూపింది. తిరుగుబాటుదారులకు ఆయుధాలివ్వడం, శిక్షణనివ్వడం బలప్రయోగం కిందికి రావచ్చు. డబ్బు మాత్రమే ఇవ్వడం జోక్యమే గాని బలప్రయోగం కాదు.

1971లో మనమే ఆ స్థానంలో

తూర్పు పాకిస్తాన్ నుంచి దాదాపు కోటి మంది శరణార్థులు వచ్చి పడ్డప్పుడు భారత్ యుద్ధం ప్రకటించలేదు. సరిహద్దు ఇవతల, అక్కడి విముక్తి దళమైన ముక్తి బాహినికి ఆశ్రయం, శిక్షణ, ఆయుధాలు ఇచ్చింది. నికరాగువా కేసు కొలబద్ద అప్పటికి లేదు. ఉండి ఉంటే మనకు కాస్త ఇరుకుగానే ఉండేది. అటువైపు ఊచకోత, ఇటువైపు మోయలేని శరణార్థుల భారం అన్నది మన వాదన. ఇంటి విషయంలో తలదూర్చారన్నది పాకిస్తాన్ వాదన. ఆగస్టు 9న సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందం తొమ్మిదో అధికరణం కింద ఒకరితో పోరాడుతున్న మూడో దేశానికి రెండోవారు సాయం చేయరాదు. అంటే సాయం చేయడమే కాదు, చేయబోమని మాటివ్వడం కూడా మిత్రదేశానికి పెద్ద అండ. డిసెంబరు 3న పాకిస్తాన్ విమానాలు మన స్థావరాల మీద దాడి చేశాక బహిరంగ యుద్ధం మొదలైంది. ఆ రోజుల్లోనే పాకిస్తాన్ జలాంతర్గామి ‘ఘాజీ’ విశాఖ తీరానికి దగ్గరలో మునిగిపోయింది.

ఉక్రెయిన్ దగ్గరికి వస్తే

2022 మే 9న అమెరికా ఉక్రెయిన్ కోసం అదే లెండ్ లీజ్ పేరుతో ఒక చట్టం చేసింది. అసలు సహాయం మాత్రం ఎక్కువగా వేరే పద్దుల కింద వెళ్లింది, ఆ చట్టం దాదాపు వాడకుండానే గడువు తీరింది. ఆయుధాలు పోలండ్ సరిహద్దు దాకా వెళ్తాయి, అక్కడి నుంచి ఉక్రెయిన్ వాళ్లే తీసుకుపోతారు. పెంబీనా గుర్రాలు గుర్తొస్తే తప్పు లేదు. మోసుకెళ్లడం దగ్గర గీత ఇప్పటికీ అంత గట్టిగానే ఉంది. 1907 నాటివాళ్లు ఊహించనిది సమాచారం. ఉపగ్రహ చిత్రాలు చూసి శత్రువు ఎక్కడున్నాడో చెప్పడం సరుకు ఇవ్వడమా, గ్రీర్ లాగా వేటలో పాలుపంచుకోవడమా అన్నది న్యాయనిపుణుల మధ్య తేలలేదు. ఎదుటి పక్షంలో బెలారుస్ సొంత సైన్యాన్ని పంపకపోయినా రష్యా దళాలకు తన నేల మీద దారి ఇచ్చింది. దాడికి నేల అప్పగించడం కూడా దురాక్రమణేనని 1974లో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ ఇచ్చిన నిర్వచనంలో ఉంది.

పాత పద్ధతికి నిక్కచ్చిగా కట్టుబడింది స్విట్జర్లాండ్. జర్మనీ తన గెపార్డ్ విమాన విధ్వంసక శకటాలను ఉక్రెయిన్‌కు ఇవ్వాలనుకుంది. వాటి తూటాలు స్విస్ తయారీవి. జర్మనీకి అమ్మినవే అయినా, తిరిగి ఎగుమతి చేయడానికి తమ చట్టం ఒప్పుకోదని స్విట్జర్లాండ్ తేల్చి చెప్పింది. జర్మనీ ఆ తూటాల తయారీని సొంత గడ్డ మీదే మొదలుపెట్టించింది. అవసరానికి పనికిరాని సరుకును ఇక ఎవరు కొంటారని స్విస్ ఆయుధ పరిశ్రమ గగ్గోలు పెట్టింది, ఆ చట్టాన్ని సడలించాలా వద్దా అన్న చర్చ అక్కడి పార్లమెంటుకు ఎక్కింది.